బందరు చూపించడమంటే నాలుగు ఫొటోలూ ఓ లడ్డూ డబ్బా కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య ఎక్కడ చూసినా హెరిటేజ్ టూర్ల ప్రకటనలే. పొద్దున్నే బెజవాడలో బస్సెక్కితే రాత్రికి మళ్ళీ బెజవాడలో దింపుతారు, మధ్యలో బందరు (అదే మచిలీపట్నం), కూచిపూడి, మంగినపూడి బీచ్, గైడూ భోజనమూ అన్నీ వాళ్ళవే. మంచిదే, నేనేం కాదనట్లేదు, మా ఊరికి నలుగురూ వస్తామంటే నాకంటే సంతోషించేవాళ్ళెవరు. మాది బందరు, పెళ్ళయ్యేదాకా అక్కడే పెరిగాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మొన్న మా ఆడపడుచు పిల్లలు అమెరికా నుంచి వస్తే, అత్తయ్యా మీ ఊరు చూపించవా అంటే, నా మోకాళ్ళతో నేనెక్కడ తిప్పను అని అందరం కలిసి అలాంటి టూరొకటి బుక్ చేసుకున్నాం. వాళ్ళ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఈ గొడవ ఒక్కళ్ళది కాదు, బంధువుల్లో ఇంకా ఇద్దరు ముగ్గురు వేరే వాళ్ళతో వెళ్ళొచ్చారు, అందరూ చెప్పేది ఇంచుమించు ఇదే.

డచ్చి వాళ్ళ సమాధుల దగ్గర బస్సు ఆగింది, గేటుకి తాళం. తాళం ఎవరి దగ్గరుంటుందో గైడ్ బాబుకి తెలీదు, పర్లేదండీ బయట్నుంచి కూడా బాగా కనిపిస్తాయి ఫొటోలు తీసుకోండి అన్నాడు. జనం గోడ మీద నుంచి సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుని తీసుకున్నారు. ఆ తర్వాత మైకులో, మార్కోపోలో మన బందరులోనే ఓడ దిగాడు, రుద్రమదేవిని పొగిడాడు అని చెప్పేశాడు. నాయనా, మార్కోపోలో పేరు కలిపి చెప్పేది మోటుపల్లి రేవుకి, అది బాపట్ల వైపు, సముద్ర వర్తకులకి భరోసా ఇస్తూ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉన్నది కూడా అక్కడే అని నేను మెల్లగా చెబితే, అవునా మేడం, అన్నీ ఒకే కోస్తా కదా అన్నాడు. పాపం కుర్రాడి తప్పేం లేదు, ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నాడు అంతే. సమాధుల దగ్గర పది నిమిషాలు, కోట దగ్గర అసలు దిగలేదు, మిఠాయి షాపు దగ్గర మాత్రం ముప్పావు గంట ఆపారు. పక్కనే కలంకారీ గుడ్డలు అద్దే పెడన సంగతి అడిగితే టైం లేదన్నారు.

నాకు కోపం వచ్చింది అక్కడే. పెడన లేకుండా బందరు టూరేంటండీ? ఆ సమాధుల్లో పడుకున్న డచ్చి వాళ్ళు సముద్రాలు దాటి వచ్చిందే మన గుడ్డ కోసం. ఆ గుడ్డ సంగతి చెప్పకుండా సమాధి రాయి చూపిస్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది, ఎవరో తెల్లవాళ్ళు ఇక్కడ చచ్చిపోయారట అని తప్ప.

కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి. డచ్చి వాళ్ళు 1605 ప్రాంతంలో బందరులో దిగారు, ఇంగ్లీషు వాళ్ళు 1611లో, ఫ్రెంచి వాళ్ళు 1669లో. అప్పుడు ఇది గోల్కొండ నవాబుల ప్రధాన రేవు. డచ్చి వాళ్ళకి అసలు కావాల్సింది ఇండోనేషియా దీవుల్లో దొరికే లవంగాలు, జాజికాయ, మిరియాలు. కానీ ఆ దీవుల వాళ్ళు మీ వెండి మాకెందుకు, కోరమాండల్ గుడ్డలు, అంటే మన ఈ తూర్పు కోస్తా గుడ్డలు, పట్రండి అనేవాళ్ళు. అందుకని ముందు ఇక్కడ గుడ్డ కొనాలి, అది అక్కడ ఇచ్చి మసాలా దినుసులు తీసుకోవాలి, అవి యూరప్‌లో అమ్మాలి. అంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవడో లవంగం కొనుక్కున్నాడంటే దాని వెనకాల మన కృష్ణా జిల్లా మగ్గం ఉంది. ఈ ఒక్క ముక్క చెప్తే పదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమవుతుంది, ఆ తర్వాత సమాధి దగ్గరికి తీసుకెళ్తే వాడే వంగి చూస్తాడు. చూడ్డానికి ఉంది కూడా! పదిహేడో శతాబ్దం నాటి రాళ్ళు, అక్షరాలు లోపలికి చెక్కినవి కాదు, పైకి ఉబ్బెత్తుగా తేలేటట్టు చుట్టూ రాయి తొలిచారు, వంశాల గుర్తులు, డాళ్ళు, చుట్టూ లతలు. ఇన్ని వందల ఏళ్ళ ఉప్పుగాలికి కూడా కొన్ని అక్షరాలు వేలితో తడిమితే ఇంకా తెలుస్తాయి. ఇది గోడ అవతల నుంచి సెల్‌ఫోన్‌లో ఎలా కనిపిస్తుంది చెప్పండి. పైగా అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, రక్షణంటే తాళమేనా?

అలాగని డచ్చి వాళ్ళని ఆకాశానికెత్తమని కాదు నేననేది. కరువొచ్చిన ఏళ్ళలో ఈ కోరమాండల్ రేవుల నుంచి మన మనుషుల్ని బానిసలుగా కొని ఓడలకెక్కించి బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, తోలింది కూడా వీళ్ళే. అదీ చెప్పాలి. టూర్ల వాళ్ళకి గొప్పలు చెప్పడం అలవాటైపోయింది, ప్రపంచంలోనే మొట్టమొదటి, ఆసియాలోనే అతి పెద్ద అని మైకులో అరుస్తారు, ఎవరూ అడగరు కాబట్టి సరిపోతోంది. బందరుకి అంత అవసరం లేదండీ. విలియం మెథ్వోల్డ్ అని ఇంగ్లీషు వర్తకుడొకడు 1620ల నాటి ఊరి గురించి రాసిన దాంట్లో జనం బాగా ఉన్నారు కానీ ఊరికి గోడ లేదు, కట్టడం బాగాలేదు, ఉన్న చోటు ఇంకా బాగాలేదు, నీళ్ళు ఉప్పు అన్నాడు. మా అమ్మమ్మ కూడా బందరు నీళ్ళ గురించి ఇంచుమించు అదే మాట అనేది! ఇంత అధ్వాన్నమైన చోటుకి, పెద్ద ఓడలు ఒడ్డుకి కూడా రాలేని రేవుకి, మైళ్ళ దూరంలో లంగరేసి చిన్న పడవల్లో సరుకు చేరేసుకుంటూ దేశదేశాల వాళ్ళు ఎందుకొచ్చి పడ్డారు అని గైడు అడిగితే చాలు, కథ దానంతటదే నడుస్తుంది. మద్రాసు కూడా బందరులో ఫ్యాక్టరీ, అంటే వర్తకపు కొట్టు, పెట్టుకున్న ఇంగ్లీషు వాళ్ళు గుడ్డలకి ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ వెళ్ళి 1639లో సంపాదించుకున్నదే, ఆ సంగతి చెన్నైలో తెలుగు వాళ్ళకే చాలామందికి తెలీదు.

ఇక పెడన. బందరుకి పది కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. కలంకారీ అనగానే అందరూ శ్రీకాళహస్తి అనుకుంటారు, అక్కడ కలంతో గీస్తారు, మన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు, మనవాళ్ళు దాన్ని అద్దకం పని అనే అంటారు. ముందు గుడ్డని గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, అప్పుడది లేత పసుపు రంగులోకి వస్తుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు, మూత తీస్తే పుల్లటి వాసన గుప్పున ముక్కుకి కొడుతుంది, మా చిన్నప్పుడు ఆ వీధిలోకి వెళ్తే ముక్కు మూసుకునేవాళ్ళం. ఆ కసిమి కుండలో చూస్తే ఏదో మురికినీళ్ళలా ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డ మీద అచ్చు పడగానే కళ్ళముందే నల్లగా తిరుగుతుంది. అద్దేవాళ్ళు కూర్చోరు, పొడుగాటి బల్ల పక్కన నిలబడి, అచ్చుని రంగు తొట్టిలో ఒకసారి తాకించి, గుడ్డ మీద సరిగ్గా పాత అంచుకి ఆనించి, చేత్తో దాని వీపు మీద ఒక్క దెబ్బ. మళ్ళీ తొట్టి, మళ్ళీ దెబ్బ. గీత కొలవరు, స్కేలు పెట్టరు, కన్నే కొలత. ఎర్రరంగు చోట పటిక నీళ్ళ అచ్చు వేస్తారు, అప్పటికి దాదాపు ఏమీ కనపడదు, తర్వాత రాగి కాగులో వేర్ల రంగూ జాజాకూ వేసి ఉడకబెడితే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పైకి తేలుతుంది. ఇది చూస్తుంటే మా ఆడపడుచు కొడుకు నోరెళ్ళబెట్టాడు. టూరు వాళ్ళు తీసుకెళ్ళలేదు కదా, మర్నాడు మేమే ఆటో మాట్లాడుకుని వెళ్ళాం లెండి.

పూర్వం ఆ ఎరుపు చిరువేరు నుంచి వచ్చేది, మన కోస్తా ఇసుక నేలల్లో పెరిగే మొక్క, దాని వేరు. నిజాంపట్నం వైపు వేరుకి బాగా పేరు, డచ్చి వాళ్ళు అక్కడ కూడా కొట్టు పెట్టింది ఊరికే కాదు. గోల్కొండ నవాబులకి పర్షియాతో చుట్టరికం కాబట్టి సరుకు అటువైపు ఓడల్లో బోలెడు పోయేది, అందుకే మన అచ్చుల్లో ఇప్పటికీ సరుగుడు చెట్టులాంటి పర్షియా చెట్టు, మసీదుల్లో ఉండే మిహ్రాబు కమానులు, తీగలు కనిపిస్తాయి, దేవుళ్ళ బొమ్మలు శ్రీకాళహస్తిలో ఉన్నంత ఇక్కడ ఉండవు. యూరప్ ఆడవాళ్ళు ఈ గుడ్డలంటే ఎంత పడి చచ్చారంటే అక్కడి నేత వాళ్ళు గోల పెట్టి, ఫ్రాన్స్‌లో 1686లో నిషేధం పెట్టించారు, ఇంగ్లండ్‌లో 1700లో దిగుమతి ఆపారు, అదీ చాలక 1721లో అచ్చు గుడ్డ కట్టుకోవడమే నేరం చేశారు. ఆ తర్వాత వందేళ్ళకి వాళ్ళ మిల్లు గుడ్డే ఓడల్లో మనకొచ్చి పడింది, మన మగ్గాలు మూలపడ్డాయి. ఇంత కథ ఉంటే మైకులో చెప్పిందేంటంటే, ఇచ్చట కలంకారీ అనే హస్తకళ ప్రసిద్ధి. అయిపోయింది.

ఇంకో సంగతి, గైడనేవాడు కచ్చితంగా నేర్పించాల్సింది. ఇప్పుడు పెడన చుట్టుపక్కల స్క్రీన్ ప్రింటింగ్ చాలా వచ్చేసింది, కెమికల్ రంగులతో అదే డిజైను, చవగ్గా, చకచకా. దాన్నీ కలంకారీ అనే అమ్ముతారు. తప్పు పట్టలేం, వాళ్ళకీ పొట్టగడవాలి, కానీ కొనేవాడికి తేడా తెలియాలి కదా. చేతి అద్దకంలో అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర ఎక్కడో ఒక చోట వెంట్రుకవాసి జరిగి ఉంటుంది, రంగు ఒకచోట చిక్కగా ఒకచోట పల్చగా ఉంటుంది, స్క్రీన్ దాంట్లో అంతా ఒక్కలా అచ్చుగుద్దినట్టు ఉంటుంది. జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) ఉందని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఏమొస్తుంది, ఈ నాలుగు ముక్కలు టూరులో వచ్చినవాళ్ళకి చేత్తో పట్టుకుని చూపిస్తే వాళ్ళే ఇంటికెళ్ళి పదిమందికి చెప్తారు. ఇంకా ముఖ్యమైంది, అద్దకం పనివాళ్ళు ఓ గంట పని ఆపి మనకి చూపిస్తే ఆ గంట కూలి ఎవరిస్తారు? టూరు టికెట్‌లో భోజనానికీ ఏసీ బస్సుకీ లెక్కుంది, వీళ్ళకి లేదు. చూసినవాళ్ళు కొనుక్కుంటారు కదా అంటారు, అందరూ కొనరండీ, ఫొటోలు తీసుకుని పోతారు.

పిల్లలకి స్వాతంత్ర్యం కథ చెప్పాలన్నా ఇదే దారం పట్టుకుని వెళ్ళొచ్చు. గుడ్డ పోగొట్టుకున్న ఊరే స్వదేశీ ఊరైంది. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడే పుట్టింది, ముట్నూరి కృష్ణారావు గారు దశాబ్దాలపాటు నడిపారు. కోపల్లె హనుమంతరావు గారు వాళ్ళు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు, తెల్లదొరల చదువు కాకుండా మగ్గం, వడ్రంగం, చిత్రలేఖనం కూడా నేర్పే బడి. జెండా పింగళి వెంకయ్య గారు అందులో పనిచేసినాయనే, పుట్టింది దగ్గర్లోనే భట్లపెనుమర్రులో. పత్తి రకాల మీద పరిశోధన చేసినందుకు ఆయన్ని పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవాళ్ళు, ఈ ముక్క చెప్తే బస్సులో అందరూ ఆశ్చర్యపోయారు, చెప్పింది గైడు కాదు లెండి, వెనక సీట్లో పెద్దాయన. ఇక పట్టాభి సీతారామయ్య గారు బందరులో డాక్టరు, ప్రాక్టీసు మానేసి ఉద్యమంలోకి వెళ్ళి 1923లో ఇక్కడే ఆంధ్రాబ్యాంకు పెట్టారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, మా నాన్నగారి పాస్‌బుక్ మీద ఉన్న పేరు ఇప్పుడు ఏ బోర్డు మీదా లేదు. ఇవన్నీ నడిచి తిరిగే ఊళ్ళోనే ఉన్నాయి, బస్సు కిటికీలోంచి అదిగో ఆ భవనం అనడం కాదు.

సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా సమాధి కథ మాత్రం గైడ్లందరూ ఇష్టంగా చెప్తారు, జనరల్ పేటర్ అనే ఆయన ప్రేమించిన అమ్మాయి 1809లో పోతే, పాతిపెట్టడానికి పాదిరీ ఒప్పుకోలేదని శవాన్ని గాజు పెట్టెలో దాచి చివరికి ఆయనే చర్చి కట్టించాడని. అందులో నిజమెంత, కల్పనెంత అని తేల్చడం కష్టం, ఊళ్ళో ఇలా చెప్పుకుంటారు అని చెప్తే చాలు, దానికి సినిమా డైలాగులు అక్కర్లేదు.

తుఫాను గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరిమీద పడి ముప్పై వేలమంది పోయారని లెక్క, రేవుగా బందరు మళ్ళీ కోలుకోలేదు. అది పుస్తకాల్లో సంగతి. కానీ 1977 నవంబరు ఉప్పెన పుస్తకాల్లోది కాదు, దివిసీమలో అయినవాళ్ళని పోగొట్టుకున్న వాళ్ళు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. మా బస్సులో గైడు దాన్ని భయంకరమైన కథలా చెప్తుంటే ముందు సీట్లో ఒకావిడ మొహం తిప్పేసుకుంది, మాది నాగాయలంక వైపండీ అంది తర్వాత. ఊరి మనిషైతే ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుస్తుంది.

అందుకే నేననేది గైడ్లు ఊళ్ళోవాళ్ళే అవ్వాలని. కృష్ణా యూనివర్సిటీ పిల్లలున్నారు, రిటైరైన టీచర్లున్నారు, పెడనలో అద్దకం పని చేస్తూ డిగ్రీ చదివిన పిల్లలున్నారు, వీళ్ళకి ఓ నెల శిక్షణ ఇచ్చి కార్డు ఇవ్వడం టూరిజం శాఖకి పెద్ద పనా? బస్సుకి నలభై మందిని తోలుకురావడం కాకుండా పదిహేను మందిని నడిపిస్తూ తీసుకెళ్తే ఆ ఇరుకు అద్దకం షెడ్లలో నిలబడ్డానికి చోటుంటుంది. ఆడవాళ్ళకి బాత్రూం ఎక్కడ అనేది ముందే చూసుకోవాలి, ఇది చిన్న విషయం అనుకునేది మగవాళ్ళే. కూచిపూడిలో స్కూలు పిల్లల్ని మధ్యాహ్నం పిలిపించి మేకప్ లేకుండా పదినిమిషాలు ఆడించి పంపించేస్తున్నారని విన్నాను, అదీ మానుకోవాలి, చూడాలనుకుంటే సాయంత్రం ఉండి క్లాసు జరుగుతుంటే వెనక కూర్చుని చూడొచ్చు.

లడ్డూ షాపు వద్దనట్లేదు నేను. బందరు లడ్డూకి జీఐ ఉంది, శనగపిండి కారప్పూస వేయించి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్ళీ దంచుతారు కాబట్టే తొక్కుడు లడ్డూ అన్నారు. నల్ల హల్వా అయితే గోధుమపాలు తీసి గంటలకొద్దీ కలుపుతూనే ఉండాలి. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన విద్య అంటారు. షాపు ముందు కాదు, వెనక వంటశాలలోకి తీసుకెళ్ళి ఆ దంచుడు చూపించండి, అప్పుడు ముప్పావు గంట కాదు, గంట ఆపినా ఎవరూ విసుక్కోరు.

మంగినపూడి దగ్గర కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి, రేపు అది మొదలైతే జనం రాకపోకలు పెరుగుతాయి, టూర్లు ఇంకా పెరుగుతాయి. అప్పుడు తీరిగ్గా సరిచేద్దాంలే అంటే ఈ మార్కోపోలో కథే స్థిరపడిపోతుంది. మీ బందరు విలేకరి గారితో ఒక చిన్న పని చేయించండి సార్, డచ్చి సమాధుల గేటు ఏ రోజుల్లో ఏ టైముకి తీస్తారు, తాళం ఎవరిని అడగాలి అని కనుక్కుని మీ జిల్లా ఎడిషన్‌లో వేయించండి. అలాగే టూరు వాళ్ళకి ఒక మాట, వానాకాలంలో పెడన పెట్టుకుంటే ముందు ఫోన్ చేసి వెళ్ళండి, ఎండ లేకపోతే గుడ్డ ఆరదు, అద్దకం ఆగిపోతుంది, అంత దూరం వచ్చి మూసున్న షెడ్లు చూసి పోవాల్సొస్తుంది.

ఇట్లు,
బందరు ఆడపడుచు, ప్రస్తుతం హైదరాబాద్